మతిమరుపుకు మందిచ్చే ముందు: ఆయుష్ శాఖకు, ఆయుర్వేద వైద్యులకు బహిరంగ లేఖ

తెలంగాణ ఆయుష్ శాఖ ఉన్నతాధికారులకు,
హైదరాబాద్‌లో డిమెన్షియా రోగులను చూస్తున్న ఆయుర్వేద వైద్యులకు, పంచకర్మ కేంద్రాల నిర్వాహకులకు

నమస్కారం.

ఈ లేఖ రాస్తున్న మాలో ఆయుర్వేదం చదివి ప్రాక్టీసు చేస్తున్నవాళ్లున్నారు. న్యూరాలజీ వార్డుల్లో పనిచేసేవాళ్లు, మందుల తయారీ తెలిసిన ఫార్మసిస్టులు, మంచాన పడ్డ వృద్ధులకు సేవ చేసే నర్సులు కూడా ఉన్నారు. ఆయుర్వేదాన్ని తప్పుపట్టాలని రాయడం లేదు. డిమెన్షియా వైద్యం పేరుతో జరిగే కొన్ని పనులు ముసలివాళ్ల ప్రాణాల మీదికి తెస్తాయి. వాటిని ఆపగలిగేది మీరే కాబట్టి రాస్తున్నాం.

డిమెన్షియాలో అందరికంటే ఎక్కువమందికి వచ్చే రకం అల్జీమర్స్. దాన్ని నయం చేసే మందు ఇవాళ్టికి ఏ వైద్యంలోనూ లేదు. అల్లోపతిలో లేదు, ఆయుర్వేదంలో లేదు, యునానీలోనూ లేదు. అయినా పేపరు మధ్యలో పెట్టి పంచే కరపత్రాల్లో, యూట్యూబ్ వీడియోల్లో ‘మతిమరుపు శాశ్వతంగా మాయం’ అనే మాట కనిపిస్తూనే ఉంటుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలులో మెదడు వ్యాధులు ఉన్నాయి. వాటిని నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం నేరం. మొదటిసారి తప్పు రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చట్టం కొత్తగా తేనక్కర్లేదు, ఉన్నదాన్ని వాడితే చాలు.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఇందులో ఎందరో న్యూరాలజిస్టును చూడకముందే ఆయుర్వేద వైద్యుడి గడప తొక్కుతారు. అందుకే మొదటి రోజు మీరు అడిగే ప్రశ్నలకు అంత విలువ.

మరుపు ఎన్నాళ్ల నుంచి అని అడగండి. నాలుగు రోజుల్లో ముంచుకొచ్చిన అయోమయం డిమెన్షియా కాదు, డెలీరియం. మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో, న్యుమోనియానో, కొత్తగా వేసుకున్న మాత్రో కారణమై ఉంటుంది. ఆ మనిషిని ఆ పూటే ఆసుపత్రికి పంపాలి. గత రెండు మూడు నెలల్లో కిందపడి తలకు దెబ్బ తగిలిందా అన్నది రెండో ప్రశ్న. పుర్రె కింద మెల్లగా రక్తం చేరితే అచ్చం డిమెన్షియాలాగే కనిపిస్తుంది, ఆపరేషన్‌తో తీసేస్తే చాలామంది మామూలవుతారు. నడకలో కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఈడుస్తూ, మూత్రం ఆపుకోలేకపోతూ, దాంతోపాటు మరుపు వస్తే మెదడులో నీరు చేరిందేమో చూడాలి. ఇదీ చికిత్సకు లొంగేదే.

తర్వాత రక్తపరీక్షలు: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బీ12, హిమోగ్లోబిన్, షుగర్, సోడియం, పొటాషియం, క్యాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్ష. ఒకసారి తలకు సీటీ గానీ ఎమ్మారై గానీ. వీటిలో బీ12ను మా నగరంలో ప్రత్యేకంగా పట్టించుకోవాలి. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు రోజూ పొద్దున్నే పాంటాప్రజోల్ వేసుకునే పెద్దవాళ్లు ఇంటింటా ఉన్నారు. ఈ రెండూ బీ12ను తగ్గిస్తాయి. అందులో శాకాహారులైతే చెప్పనే అక్కర్లేదు. బీ12 లోపంతో వచ్చిన మరుపుకు ఆరు నెలలు బ్రాహ్మి ఘృతం తాగిస్తే, ఇంజెక్షన్లతో కోలుకోవాల్సిన నరాలు ఆ ఆరు నెలల్లో తిరిగిరానంతగా చెడిపోవచ్చు.

జ్ఞాపకశక్తిని కొలవడానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేసిన న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్స్ తెలుగులోనూ ఉంది, దాన్ని నేర్చుకోండి. చదువుకోని ముసలమ్మను వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మనడం, గడియారం బొమ్మ గీయమనడం వల్ల లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది. కూరగాయల బండి దగ్గర చిల్లర లెక్క చూసుకుంటోందా, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోందా, రోజూ వెళ్లే గుడి నుంచి ఇల్లు చేరగలుగుతోందా అని కోడలినో కొడుకునో విడిగా అడిగితే ఎక్కువ తెలుస్తుంది.

ఇక మందుల సంగతి. చరక సంహితలో మేధ్య రసాయనాలుగా, అంటే బుద్ధికి, జ్ఞాపకశక్తికి మందులుగా చెప్పినవి నాలుగు: మండూకపర్ణి స్వరసం (పచ్చి రసం), పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి కల్కం (నూరిన ముద్ద). అసలు చిక్కు మొక్క దగ్గరే మొదలవుతుంది. బేగంబజార్ దినుసుల దుకాణంలో బ్రాహ్మి అడిగితే ఒకచోట సరస్వతి ఆకు, అంటే మండూకపర్ణి ఇస్తారు, పక్క దుకాణంలో నీటి బ్రాహ్మి ఇస్తారు. రెండూ వేర్వేరు మొక్కలు. సరస్వతి ఆకు గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో, అంచున చిన్న గాట్లతో, పొడుగు కాడ చివర ఒక్కటిగా ఉంటుంది. నీటి బ్రాహ్మి ఆకులు చిన్నవి, దళసరివి. కాడ లేకుండా తీగకు రెండు వైపులా జంటలుగా అంటుకుని ఉంటాయి. పొడి చేశాక మాత్రం కంటితో చూసి ఏది ఏదో చెప్పడం ఎవరి వల్లా కాదు, మైక్రోస్కోపు గానీ, పొడిలోని రసాయనాలను విడదీసి చూపే టీఎల్‌సీ పరీక్ష గానీ కావాలి. ఆయుర్వేద ఫార్మకోపియా (ఔషధ ప్రమాణాల గ్రంథం) ప్రకారం నీటి బ్రాహ్మి చూర్ణం రోజుకు 1 నుంచి 3 గ్రాములు, మండూకపర్ణి చూర్ణం 3 నుంచి 6 గ్రాములు. పేరు కలిసిందని మండూకపర్ణి మోతాదులో నీటి బ్రాహ్మి ఇస్తే రెండు మూడింతలు ఎక్కువ పడుతుంది. కడుపులో వికారం, నొప్పి, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. ఎనభై ఏళ్ల మనిషికి రెండు రోజుల విరేచనాలు చాలు అయోమయంలో పడటానికి. కాబట్టి ఎండబెట్టిన మొక్కను సమూలంగా కొని, చూసి, అప్పుడు పొడి కొట్టించండి. పచ్చి ఆకు రసం వాడేవాళ్లు ఆకు ఎక్కడ పెరిగిందో కనుక్కోండి. సరస్వతి ఆకు తడినేల ఉంటే చాలు, మురుగు కాలువ గట్టున కూడా ఏపుగా పెరుగుతుంది.

శంఖపుష్పి విషయంలోనూ ఇదే తంటా. ఒకరు విష్ణుక్రాంత ఇస్తే, ఇంకొకరు శంఖుపువ్వు తీగ ఇస్తారు. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడేవాళ్లకు శంఖపుష్పి కలిసిన మందు ఇస్తే రక్తంలో ఫెనిటాయిన్ పడిపోతుందని 1992లోనే మన దేశంలో పరిశోధకులు చూపించారు. పక్షవాతం తర్వాత వచ్చిన డిమెన్షియాలో ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లకు ఇది ఇవ్వనే కూడదు.

అతిమధురం తియ్యగా ఉంటుంది, ఎవరూ వద్దనరు. వారాల తరబడి వాడితే ఒంట్లో పొటాషియం తగ్గి, బీపీ పెరిగి, పాదాలకు వాపు వస్తుంది. బీపీకో గుండెకో నీరు పోయే మాత్ర వేసుకుంటున్నవాళ్లలో ఇది గుండె లయ తప్పేదాకా వెళ్తుంది. తిప్పతీగ, అశ్వగంధ రెండింటితోనూ కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు కూడా. ఇవి మొదలుపెట్టేముందు ఒకసారి, నాలుగు నుంచి ఆరు వారాలకు మరోసారి లివర్ పరీక్ష చేయించడం భారం కాదు. వస కలిసిన మందులను నెలల తరబడి సాగదీయకండి. అందులోని బీటా అసరోన్ ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చింది.

ఇవి ఎంతవరకు పనిచేస్తాయన్నది కూడా కుటుంబాలకు ఉన్నదున్నట్టు చెప్పాలి. నీటి బ్రాహ్మి ఎక్స్‌ట్రాక్ట్ రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చిన కొన్ని అధ్యయనాల్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్షల్లో కాస్త మెరుగు కనిపించింది. అది జబ్బు లేనివాళ్లలో. అల్జీమర్స్ వచ్చినవాళ్లలో మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా 300 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్, అంతే బరువు చూర్ణం ఒకటి కావు. పసుపులోని కర్కుమిన్‌ను రోజుకు 2 గ్రాములు, 4 గ్రాముల చొప్పున 24 వారాలు అల్జీమర్స్ రోగులకు ఇచ్చి చూసిన అధ్యయనం 2012లో వచ్చింది. ప్రయోజనం కనబడలేదు.

ఇంతకంటే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేవి జ్ఞాపకశక్తి కోసం కాక, వేరే బాధ కోసం ఇచ్చే మూడు మందులు. ఆయాసానికి, దగ్గుకు ఇచ్చే కనకాసవంలో ఉమ్మెత్త ఉంటుంది. డిమెన్షియాలో ముందే తగ్గిపోయిన అసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి ఉమ్మెత్త అడ్డుపడుతుంది. నోరెండిపోతుంది, మూత్రం బిగుస్తుంది, లేని మనుషులు కనిపిస్తారు. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుంటారు. నిద్ర పట్టడం లేదని, రాత్రిళ్లు అరుస్తున్నారని ఇచ్చే సర్పగంధ మాత్రల్లో రెసర్పిన్ ఉంటుంది. దానివల్ల లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది, మనిషి దిగులులోకి జారతాడు, కాళ్లూ చేతులూ బిగుసుకుంటాయి. తుంటి ఎముక విరగడానికి ఒక్కసారి పడితే చాలు. మూడోది దూలగొండి. అందులో లెవోడోపా ఉంటుంది. లెవీ బాడీ డిమెన్షియా అనే రకంలో వణుకు చూసి పార్కిన్సన్స్ అనుకుని దూలగొండి ఇస్తే భ్రమలు విపరీతమవుతాయి. డిమెన్షియా ఉన్న మనిషికి మూడింటిలో ఏదీ న్యూరాలజిస్టుతో మాట్లాడకుండా రాయకండి.

లోహాలు, ఖనిజాలతో చేసే రసౌషధాల గురించి మొహమాటం లేకుండా చెబుతున్నాం. స్మృతిసాగర రసంలో పాదరసం, గంధకం, హరితాళం, మణిశిల, తామ్ర భస్మం ఉంటాయి. హరితాళం, మణిశిల రెండూ ఆర్సెనిక్ ఖనిజాలే. పాదరసం, ఆర్సెనిక్, సీసం మెదడును దెబ్బతీసే లోహాలు. జ్ఞాపకశక్తి కోసం వాటినే ఎంచుకోవడం మాకు సమ్మతం కాదు. శోధన (శుద్ధి చేయడం), మారణం (భస్మం చేయడం) శాస్త్రోక్తంగా చేశామన్న మాట చాలదు. ఆ వయసులో కిడ్నీలు మందగించి ఉంటాయి, ఒంట్లోకి పోయింది బయటికి రావడం ఆలస్యమవుతుంది. 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన పరిశీలనలో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తుల్లో దాదాపు 21 శాతంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. మూలికా మందుల్లో సీసం 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10), ఆర్సెనిక్ 3, పాదరసం 1, క్యాడ్మియం 0.3 దాటకూడదని మన ప్రమాణాలే చెబుతున్నాయి. హరితాళం, పాదరసం, ఉమ్మెత్త లాంటివి ఔషధ నిబంధనల షెడ్యూల్ ఈ1 విష ద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండి తీరాలి. కానీ వైద్యుడు తన రోగి కోసం సొంతంగా తయారుచేసే మందుకు లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు ఉంది. పేరు రాయని కాగితం పొట్లాలూ, తెల్ల ప్లాస్టిక్ డబ్బాలూ ఆ సందులోంచే ఇళ్లకు చేరుతున్నాయి. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గడం మూడూ ఒకేసారి కనిపిస్తే రక్తంలో సీసం పరీక్ష రాయడం మరువకండి.

పంచకర్మ కేంద్రాలవాళ్లు ఈ భాగం నిదానంగా చదవాలని కోరుతున్నాం. నస్యంలో మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, ఒక్కో ముక్కులో ఆరు నుంచి పది చుక్కల తైలం వేస్తారు. గొంతులోకి దిగిన తైలాన్ని ఆ మనిషి ఉమ్మేయాలి. డిమెన్షియా ముదిరినవాళ్లకు ‘ఉమ్మండి’ అన్న మాట అర్థం కాదు. మింగుతారు, లేదా ఊపిరితో లోపలికి పీలుస్తారు. నీళ్లు పొలమారితే దగ్గు వస్తుంది, నూనె పోయినప్పుడు దగ్గు సరిగా రాదు, చడీచప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లో చేరి లైపాయిడ్ న్యుమోనియా అవుతుంది. వారాల తరబడి సన్న జ్వరం, దగ్గు, నీరసం. ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అని పొరబడతారు, తైలం సంగతి అడిగేవాళ్లుండరు. అందుకే నస్యానికి ముందు మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, మూడు చెంచాల నీళ్లు ఒక్కొక్కటిగా తాగించి చూడండి. దగ్గినా, గొంతు తడిసి గరగరమన్నా, చెప్పింది చేయలేకపోయినా నస్యం వద్దు. నోట్లో తైలమో కషాయమో పట్టి ఉంచే గండూషం, పుక్కిలించే కవలం కూడా వద్దు. నోట్లో పొడి చూర్ణం వేయడం కూడా అంతే ప్రమాదం. పలుచని కషాయం కంటే రాగి జావంత చిక్కగా ఉన్నది వాళ్లకు సులువుగా దిగుతుంది. తాగాక అరగంట పడుకోబెట్టకూడదు.

స్నేహపానం (నెయ్యి, నూనె తాగించడం), విరేచనం, గట్టి స్వేదనం (చెమట పట్టించడం) బీపీ మాత్రలు వేసుకునే వృద్ధులకు చేయకపోవడమే మేలు. సోడియం, పొటాషియం పడిపోయి మనిషి మత్తుగానో, పిచ్చెత్తినట్టో అయిపోతే ‘దోషాలు బయటికి వస్తున్నాయి’ అని కుటుంబానికి సర్దిచెప్పకండి, రక్తపరీక్షకు పంపండి. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకున్న మనిషిని చికిత్స కోసం ఖాళీ కడుపున ఉంచితే షుగర్ పడిపోతుంది. అది మెదడుకు నేరుగా తగిలే దెబ్బ. శిరోధార నిద్రకు సాయపడొచ్చు, పోయిన జ్ఞాపకాన్ని తేదు. కొత్త గదిలో నుదుటి మీద ధార పడుతుంటే భయపడి చటుక్కున లేచేవాళ్లుంటారు కాబట్టి మొదటిసారి పది నిమిషాలకు మించనివ్వకండి. ఇంటి మనిషి చెయ్యి పట్టుకుని కూర్చోవాలి, దింపేముందు నేల మీద నూనె పూర్తిగా తుడవాలి.

‘ఇంగ్లిష్ మందులు ఆపేయండి, అప్పుడే మా మందు పనిచేస్తుంది’ అనే మాట ఇక ఎవరూ అనకూడదు. అల్జీమర్స్‌కు ఇచ్చే ఇంగ్లిష్ మందు డోనెపెజిల్ జబ్బును నయం చేయదు, నిజమే. కానీ మధ్యస్థంగానో తీవ్రంగానో ఉన్న అల్జీమర్స్‌లో దాన్ని ఆపినవాళ్లు కొనసాగించినవాళ్ల కంటే వేగంగా దిగజారారని 2012లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం చూపింది. డోనెపెజిల్ నాడిని నెమ్మది చేస్తుంది. నీటి బ్రాహ్మికీ అదే వైపు లాగే గుణం ఉందని ప్రయోగశాల పరీక్షలు సూచిస్తున్నాయి. రెండూ కలిసి వాడేవాళ్ల నాడి ప్రతి వారం చూడండి. 60 కంటే తగ్గితే బ్రాహ్మి ఆపి ఈసీజీ తీయించండి.

ఇన్ని వద్దులు చెప్పాక, ఆయుర్వేదం చేయగలిగింది ఏమీ లేదని మేం అనడం లేదు. దినచర్య, పథ్యం, అభ్యంగం (నూనె మర్దన), రోగి పక్కన కూర్చునే ఓపిక డిమెన్షియాకు నిజంగా అక్కరకొచ్చేవి. పదిహేను నిమిషాల ఓపీలో న్యూరాలజిస్టు ఇవ్వలేనిది ఇదే. సాయంత్రం నాలుగైదు గంటలకు చాలామంది రోగుల్లో కంగారు మొదలవుతుంది. ‘ఇంటికి పోతా’ అని తలుపు దగ్గరికి నడుస్తారు. దానికి ఒక అరగంట ముందు చేతులకు అభ్యంగం మొదలుపెట్టమని ఇంట్లోవాళ్లకు నేర్పండి. వేడినీళ్ల గిన్నెలో నూనె గిన్నె పెట్టి నువ్వుల నూనె గోరువెచ్చన చేయాలి, మణికట్టు మీద వేసి చూసుకోవాలి. ఒక్కో చేతికి ఒక చెంచా నూనె సరిపోతుంది. ఎదురుగా, వాళ్ల కళ్లకు కనిపించేలా కూర్చుని, అరచేతి నుంచి మోచేతి దాకా మెల్లగా, ఒక్కో చేతికి పది నిమిషాలు రుద్దాలి. రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవాళ్లకు గట్టిగా నొక్కితే నీలి మచ్చలు తేలతాయి. అరికాళ్లకు నూనె పడుకున్నాకే రాయాలి, పొద్దున లేవకముందే తుడవాలి. గదిలో దీపాలు చీకటి పడకముందే వేయాలి, టీవీ కట్టేయాలి.

బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, వినికిడి లోపం, చూపు లోపం, నడక లేకపోవడం, ఒంటరితనం ఇవన్నీ డిమెన్షియా ముప్పును పెంచగల, సరిచేయగల కారణాలని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ చెప్పింది. మొత్తం 14 కారణాలను సరిచేస్తే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని లెక్కగట్టింది. మన నిమ్స్‌లోనే 648 మంది డిమెన్షియా రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసి వినిపించే ఈ ఊళ్లో పెద్దవాళ్లను నలుగురిలో కూర్చోబెట్టి మాట్లాడించమని చెప్పడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు. లేహ్యం సీసాకు ముందు వినికిడి పరీక్ష రాసే ఆయుర్వేద వైద్యుడు రోగికి ఎక్కువ మేలు చేసినవాడవుతాడు. షుగర్ ఉన్నవాళ్లకు లేహ్యం ఎలాగూ సరిపడదు, అందులో చక్కెరో బెల్లమో ఎక్కువ.

ఆయుష్ శాఖను అడుగుతున్నవి ఇవి. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రీ ఉంది, మానసిక ఆరోగ్య సంస్థా ఉంది. రెండు చోట్ల వైద్యులూ కలిసి వారానికి ఒకరోజు జ్ఞాపకశక్తి ఓపీ నడపాలి, రక్తపరీక్షలన్నీ అక్కడే ఉచితంగా జరగాలి. మతిమరుపుకని అమ్మే పొడులు, మాత్రలు బేగంబజార్ నుంచీ, ఆన్‌లైన్ నుంచీ, క్లినిక్‌ల నుంచీ నమూనాలు తీసి లోహ పరీక్ష చేయించి, బ్యాచ్ నంబరుతో ఫలితాలు బయటపెట్టాలి. మింగుడు పరీక్ష, సోడియం పరీక్ష లేకుండా డిమెన్షియా రోగికి నస్యం గానీ విరేచనం గానీ చేయరాదని పంచకర్మ కేంద్రాలకు రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. మందు వికటించిన ప్రతి కేసూ మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఆయుష్ ఫార్మకోవిజిలెన్స్ కేంద్రానికి చేరాలి. ఇంగ్లిష్ మందుతో కలిసి వికటించిందన్న అనుమానం ఉంటే మందుల దుష్ప్రభావాల జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-3024కు కూడా చెప్పాలి.

వైద్యులు మాత్రం ఏ ఆదేశం కోసమూ ఆగనక్కర్లేదు. ఇచ్చే ప్రతి పొట్లంతో పాటు ఒక చీటీ ఇవ్వండి. అందులో మందు పేరు, కలిసిన ప్రతి దినుసు పేరు, ఎన్ని గ్రాములు, లోహాలున్నాయో లేవో, ఎన్ని వారాలు వాడాలి, ఏం కనిపిస్తే ఆపాలి, ఇంగ్లిష్ మందుల్లో ఏవి కొనసాగించాలి అన్నవి తెలుగులో, చదవగలిగే అక్షరాలతో రాయండి. అవసరమైతే ఉర్దూలోనూ రాయండి. రాత్రిపూట అపస్మారకంగా ఎమర్జెన్సీకి వచ్చిన వృద్ధుడి విషయంలో డ్యూటీ డాక్టరు మొదట అడిగేది ఆ చీటీనే.

ఇట్లు,
హైదరాబాద్‌లో వృద్ధుల జ్ఞాపకశక్తి వ్యాధులపై పనిచేస్తున్న ఆయుర్వేద, న్యూరాలజీ, ఫార్మసీ, నర్సింగ్ రంగాలవాళ్లం